ప్రహ్లాదుని పాఠశాల

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమునందలి ప్రహ్లాద చరిత్రము భక్తులకు నిత్యపఠనీయము. అందు వర్ణింపబడిన పాఠశాల నేటి ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును స్మరణీయమైనది.

హిరణ్యకశిపుడు కుమారుని శుక్రాచార్యుని పుత్రులైన చండామార్కులకు అప్పగించెను. బాలుడు హరిభక్తిని పలుకగా వారు కోపించి బెత్తము తెమ్మని బెదరించిరి. బాలుని మనస్సు మారలేదు. గురువులు గృహకార్యములపై వెడలినపుడు తోటి బాలకులు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. అతడు వారిని గద్దింపక, చిరునవ్వుతో మృదువుగా మాటలాడెను. వారు తమంత తామే ఆటవస్తువులు విడిచి, చుట్టును కూర్చుండి వినిరి.

భయపడిన పిల్లవాడు తప్పును దాచును. ఆదరము పొందినవాడు తన కష్టమును చెప్పుకొనును. ఆకలియో, నిద్రలేమియో, తోటివారి ఎగతాళియో, ఇంటిలోని కలహమో తప్పునకు మూలమని తెలిసినపుడు దిద్దుట సులభము. అట్లని క్రమశిక్షణ వలదని కాదు. నియమమును ముందే తెలిపి, అందరికిని సమముగా వర్తింపజేయవలెను. తప్పును మందలించినను బాలుని అవమానింపరాదు. మంచినడతను గుర్తించి మెచ్చుకొనవలెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బాలలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. చట్టము బెత్తమును ఆపగలదు గాని ఆదరమును పుట్టింపజాలదు. బడినుండి వచ్చిన బిడ్డను మార్కులెన్నియని అడుగుటకు ముందు, ఆ దినమెట్లు గడచినదో అడుగుటతో ఆ ఆదరము ఇంటనే మొదలు కావలెను. సర్వాంతర్యామియైన శ్రీహరి ఆ బిడ్డయందును కలడు గదా!