ప్రశ్నయే రక్ష

విమానయానమునకును అంతరిక్షయానమునకును అపారమైన ధనము కావలెను. ఆ ధనము ప్రజలది. దానిని వ్యయపరచువారు శాస్త్రజ్ఞులు, అధికారులు. వారిని ప్రశ్నించు బాధ్యత ప్రజలెన్నుకొనిన శాసనసభలది. ఈ బాధ్యత యెంత విలువైనదో అమెరికా చరిత్రలోని యొక ఘట్టము తెలుపుచున్నది.

అమెరికా శాసనసభకు కాంగ్రెసని పేరు. అందు సెనేటు, ప్రతినిధుల సభ యని రెండు సభలు గలవు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించెను. మరుసటి యేడు కాంగ్రెసు చట్టము చేసి, విమాన, అంతరిక్ష పరిశోధనలకై నాసా సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థకు ఏటేట ధనము మంజూరు చేయుటయు, దాని పనులను పరిశీలించుటయు కాంగ్రెసు విధులు. ఆ దశాబ్దము ముగియులోపల చంద్రునిపై మానవుని దింపవలెనని 1961లో అధ్యక్షుడు కెన్నెడీ కోరెను. నాసా పనులు వేగముగా సాగెను.

1967 జనవరి 27వ తేదీన ఘోరము జరిగెను. నేలపై పరీక్ష జరుగుచుండగా అపోలో నౌకలో నిప్పు పుట్టెను. లోపల నిండియున్నది శుద్ధమైన ప్రాణవాయువు. అందుచే మంట క్షణములలో వ్యాపించెను. నౌక తలుపు లోపలివైపునకు తెరచుకొనునట్టిది. లోపలి యొత్తిడి పెరుగుటచే దానిని తెరచుట అసాధ్యమాయెను. గ్రిస్సమ్, వైట్, చాఫీ అను మువ్వురు వ్యోమగాములు ప్రాణములు కోల్పోయిరి.

నాసా విచారణ సంఘమును నియమించెను. కాంగ్రెసు ఉభయసభల సంఘములును వేరుగా విచారించెను. నౌకను నిర్మించిన కంపెనీ లోపములను తెలుపు నివేదిక యున్నదా యని మాండేల్ అను సెనేటు సభ్యుడు నాసా అధికారుల నడిగెను. ఫిలిప్స్ అను నాసా అధికారి 1965లోనే ఆ లోపములను కంపెనీకి తెలిపియుండెను. కాంగ్రెసు మాత్ర మీ సంగతి నెరుగదు. అవియే ప్రమాదకారణమని సెనేటు సంఘము చెప్పలేదు. కాని వానిని తమకు ముందే తెలుపవలసియుండెనని తన నివేదికలో మందలించెను.

పిమ్మట తలుపు వెలుపలికి త్వరగా తెరచుకొనునట్లు మార్చిరి. సులభముగా మండు వస్తువులను తగ్గించిరి. భద్రతను పరిశీలించుటకై కాంగ్రెసు చట్టముచే ఒక ప్రత్యేక సలహాసంఘము నేర్పరచెను. 1969 జూలై 20వ తేదీన మానవుడు చంద్రునిపై దిగెను.

బాలబాలికలారా! సభలో ప్రశ్నించువాడు విజ్ఞానమునకు శత్రువు కాడు. ప్రజల ధనమునకే కాక, సాహసించి ప్రయాణము చేయువారి ప్రాణములకును అతడు కావలివాడు.