మీ ఆటలో కప్ప ఎందుకు చచ్చిపోతోంది?

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఆటలు ఆడనివారు మీలో బహుశా ఎవరూ ఉండరు. మరి ఒక ఆటను సొంతంగా తయారు చేసినవారు ఎందరు? అలా తయారు చేసేవారి కోసం ఒక సరదా పోటీ ఉంది. దాన్ని గేమ్ జామ్ అంటారు. బ్రెడ్డుపై రాసుకునే జామ్‌కీ దీనికీ సంబంధం లేదు లెండి! సంగీత విద్వాంసులు నలుగురు ఒకచోట చేరి, ముందుగా ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు వాయించుకుంటే దాన్ని ఇంగ్లీషులో జామ్ అంటారు. ఆ పేరే ఆటలు తయారు చేసేవారికీ వచ్చింది.

2002 మార్చిలో అమెరికాలోని ఓక్లాండ్‌లో కొందరు ప్రోగ్రామర్లు ఇలా కలిసి ఆటలు తయారు చేశారు. మరుసటి నెలలోనే లుడుం డేర్ అనే పోటీ ఇంటర్నెట్ ద్వారా మొదలైంది. 2009 జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ వచ్చి, అనేక దేశాలవారు ఒకే వారాంతంలో పాల్గొనే వీలు కల్పించింది. పద్ధతి చాలా చోట్ల ఒకటే. ఒక మాట ఇస్తారు. ఆ మాట ఆధారంగా 48 గంటల్లో ఆట పూర్తి చేయాలి. లుడుం డేర్‌లోనైతే ఆ తర్వాత పోటీదారులే ఒకరి ఆటను ఒకరు ఆడి, మార్కులు వేసి, అభిప్రాయాలు రాసుకుంటారు.

మనకు కావలసింది ఆ చివరి ఘట్టమే.

మీరూ అలాంటి పోటీలో పాల్గొన్నారనుకుందాం. ఇచ్చిన మాట ‘నీరు’. మీరు చెరువును ఎంచుకున్నారు. చెరువులో రాళ్లు, రాళ్లపై ఒక కప్ప. రాళ్లు ఎడమవైపుకు జరుగుతూ ఉంటాయి. ఒక మీట నొక్కితే కప్ప గెంతుతుంది. ఇంకో మీట నొక్కితే రాయికి అతుక్కుపోయి కూర్చుంటుంది. అప్పుడప్పుడు కుడివైపు నుంచి కొంగ దూసుకొస్తుంది. ఆ సమయంలో కప్ప కూర్చోకపోతే అంతే సంగతులు! రెండు రోజులు నిద్ర సరిగా లేకుండా తయారు చేసి పంపించారు. ఆడినవారు ఇలా రాశారు:

“చాలా కష్టం. రెండు నిమిషాల్లో మానేశాను.”

“గెంతు నొక్కినా గెంతలేదు.”

“మా కంప్యూటర్‌లో కప్ప పిచ్చిపట్టినట్టు పరుగెడుతోంది.”

“బాగుంది.”

ఐదింట రెండు మార్కులు. ఇంక చూడండి మీ బాధ! మీరైతే కళ్లు మూసుకుని నలభై రాళ్లు దాటగలరు. కాబట్టి మొదట వచ్చే ఆలోచన, “వీళ్లకు ఆడడం రాదు” అని. రాత్రి పడుకున్నాక వచ్చే ఆలోచన, “నాకు చేయడం రాదు” అని. రెండింటినీ కాసేపు పక్కన పెట్టి ఒక చిన్న ప్రయోగం చేయండి.

ఒక 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాన్ని పై చివర పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. కింద సున్నా గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు స్కేలును తాకకుండా చెరోవైపు ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి. మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నారు? చాలామందికి 20 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. భూమి ఆకర్షణ వల్ల స్కేలు 20 సెంటీమీటర్లు పడడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. అంటే మీ కన్ను చూసి, మెదడు గ్రహించి, వేళ్లు కదలడానికి పట్టిన కాలం అదన్నమాట. దీన్నే ప్రతిస్పందన కాలం అంటారు.

ఇప్పుడు అదే స్కేలును మీ ఎడమచేత్తో మీరే వదిలి, కుడిచేత్తో పట్టుకోండి. ఏమైంది? వదిలిన వెంటనే పట్టేసుకున్నారు కదూ! మీ నరాలు హఠాత్తుగా చురుకైపోలేదు. ఎప్పుడు వదులుతారో మీకు ముందే తెలుసు.

మీ ఆటలో జరిగింది సరిగ్గా ఇదే. కొంగను వదిలేదీ మీరే, తప్పించుకునేదీ మీరే!

లెక్క చూద్దాం. మీ తెర వెడల్పు 640 పిక్సెళ్లు, అంటే 640 చుక్కలు. కప్ప వెనక చెరువు అందంగా కనబడాలని, దాన్ని ఎడమ అంచు నుంచి 520వ చుక్క దగ్గర ఉంచారు. కొంగ కుడి అంచులో ప్రత్యక్షమై సెకనుకు 600 చుక్కల వేగంతో వస్తుంది. అది కప్పను చేరడానికి 120 చుక్కల దూరమే ఉంది. 120ని 600తో భాగిస్తే 0.2 సెకన్లు. స్కేలు పట్టుకోవడానికి పట్టినంత కాలం! పైగా స్కేలు దగ్గర చేయవలసిన పని ఒక్కటే. ఇక్కడ ఆటగాడు గెంతాలా, కూర్చోవాలా అని తేల్చుకోవాలి కూడా. అలా ఎంచుకోవలసి వస్తే ప్రతిస్పందన కాలం ఇంకా పెరుగుతుంది. కొంగను చూసి తప్పించుకోవడం మొదటిసారి ఆడేవారిలో దాదాపు ఎవరికీ సాధ్యం కాదు.

“చాలా కష్టం” అన్న రెండు మాటల వెనక ఇంత ఉంది. ఆ రాసినవారికి అది తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కడుపు నొప్పి అని చెప్పడం రోగి పని, కారణం వెతకడం డాక్టరు పని. రోగి ఒక్కోసారి మందు కూడా తనే చెబుతాడు. మీ ఆటకూ అలాంటి సలహాలు వస్తాయి: “కప్పకు మూడు ప్రాణాలివ్వు”, “కొంగను తీసేయ్”. నా అనుభవంలో ఇలాంటివారు చెప్పే నొప్పి ఎప్పుడూ నిజమే, చెప్పే మందు మాత్రం చాలాసార్లు తప్పు. ఇక్కడ మూడు ప్రాణాలిస్తే కప్ప మూడుసార్లు చచ్చిపోతుంది, అంతే. కప్పను 520 నుంచి 40వ చుక్క దగ్గరకు జరపండి. కొంగ రావలసిన దూరం 600 చుక్కలవుతుంది. ఆటగాడికి ఒక పూర్తి సెకను దొరుకుతుంది. మార్చింది ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క సంఖ్య!

ఇక రెండో ఫిర్యాదు. “నేను రాయి అంచు మీద ఉన్నప్పుడే నొక్కాను” అంటాడు ఆటగాడు. “లేదు, అప్పటికే అంచు దాటింది” అంటుంది కంప్యూటర్. ఇద్దరూ అబద్ధమాడడం లేదు. రాళ్లు సెకనుకు 300 చుక్కలు జరుగుతున్నాయి. కన్ను, వేలు, యంత్రం తమ తమ పనులు చేసేలోగా సెకనులో పదో వంతు గడిచినా రాయి 30 చుక్కలు జరిగిపోతుంది. అనుభవజ్ఞులు దీనికొక దయగల ఉపాయం కనిపెట్టారు. కాళ్ల కింద రాయి పోయిన తర్వాత కూడా సెకనులో పదో వంతు సేపు గెంతు మీటను ఒప్పుకుంటారు. దీనికి కయోటీ కాలం అని పేరు. రోడ్ రన్నర్ కార్టూన్లలో కయోటీ అనే జంతువు కొండ అంచు దాటి గాలిలో పరుగెత్తి, కిందికి చూసేదాకా పడిపోకుండా ఉంటుంది, గుర్తుందా? 2018లో వచ్చి ఎంతో పేరు తెచ్చుకున్న సెలెస్ట్ అనే ఆటలో ఈ ఉపాయం ఉంది. ఆ ఆట ఆడేవారిలో చాలామంది దాన్ని గమనించను కూడా గమనించరు. తమ వేళ్లు చురుకైనవని మురిసిపోతారు! అన్నట్టు సెలెస్ట్ కూడా మొదట మాడీ థోర్సన్, నోయెల్ బెరీ అనే ఇద్దరు 2015లో నాలుగు రోజుల్లో తయారు చేసిన చిన్న ఆటే.

మూడో ఫిర్యాదు చూసి నవ్వకండి. తెరపై బొమ్మ సెకనుకు 60 సార్లు మారే కంప్యూటర్లున్నాయి, 144 సార్లు మారేవీ ఉన్నాయి. మీరు “బొమ్మ మారినప్పుడల్లా రాయిని 5 చుక్కలు జరుపు” అని రాశారు. మీ దగ్గర అది 300 చుక్కల వేగం, అతని దగ్గర 720. కొంగ కూడా అంతే, 600 బదులు 1,440 వేగంతో వచ్చి పడింది పాపం అతని మీద! కిందటి బొమ్మకూ ఈ బొమ్మకూ మధ్య గడిచిన కాలాన్ని వేగంతో గుణించి, వచ్చినంత దూరమే జరపాలి. దూరం = వేగం × కాలం. ఇది మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే.

“బాగుంది” అన్నవారి సంగతి? సంతోషించండి. అంతకుమించి అందులో నేర్చుకునేదేమీ లేదు. నిజానికి ఆ నాలుగింటిలో మీకు పనికిరానిది అదొక్కటే.

రాసిన అభిప్రాయం కన్నా మంచిది ఇంకొకటి ఉంది. ఒకరిని మీ ఎదుట కూర్చోబెట్టి ఆడించి, నోరు మూసుకుని చూడడం! చాలా కష్టమైన పని. “అయ్యో, ఆ మీట కాదు” అని నాలుక చివరిదాకా వస్తుంది. అనకూడదు. మీ ఆట దూరాన ఉన్నవారి దగ్గరకు వెళ్లినప్పుడు మీరు దాని పక్కన ఉండరు కదా. ఒక కాగితంపై రాళ్లకు వరుసగా నెంబర్లు వేసి, కప్ప చచ్చిన చోటల్లా ఒక గీత గీయండి. ఐదుగురు ఆడాక ఒకే రాయి దగ్గర గీతలు గుంపుగా ఉంటే అక్కడ వెతకండి. చెదురుమదురుగా ఉంటే ఆ తప్పులు ఆటగాళ్లవే, ఆటలో అవి ఉండవలసినవే.

రేపు మరొకరు తమ మొదటి ఆట మీకిస్తే ఏం చెబుతారు? “ఇదీ ఒక ఆటేనా?” అంటే వారు మళ్లీ ఆట చేయరు. ఇలా చెప్పి చూడండి: “మూడుసార్లు ఆడాను. కప్ప రాయికి అతుక్కుని కూర్చుంటే నవ్వొచ్చింది, దాన్ని మార్చకు. ఏడో రాయి దగ్గర మూడుసార్లూ కొంగకు దొరికిపోయాను. అది కనబడేసరికే మీద ఉంది. కూర్చునే మీట ఏదో తెలియడానికి నిమిషం పట్టింది.” ఇందులో పొగడ్త ఉంది, కాని ఏది నచ్చిందో చెప్పే పొగడ్త. తప్పు ఉంది, కాని తీర్పు లేదు. తనకు ఏం జరిగిందో మాత్రమే ఉంది. 48 గంటల్లో చేసినదాన్ని ఏళ్ల తరబడి వందలమంది పనిచేసిన ఆటతో పోల్చడమూ లేదు.

ఇక మీ కప్ప దగ్గరకు వద్దాం. 520ని 40గా మార్చారు కదా. ఈసారి ఆటను మొదట ఆడినవారికి ఇవ్వకండి. కొంగ ఎటునుంచి వస్తుందో వారికి తెలిసిపోయింది; స్కేలును ఎడమచేత్తో వదిలినవారితో సమానం. ఇంతవరకు చెరువు చూడని వారినెవరినైనా పిలిచి, కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చోండి.