మంచు కొండ కబురు

బదరీనాథ్ పేరు మీరు వినే వుంటారు. మన ఊళ్ళ నుంచి కూడా చాలామంది అక్కడికి యాత్రకు పోతారు. పోయేది ఎండాకాలంలో. చలికాలంలో ఆ గుడి తలుపులు మూసేస్తారు. గుడికి మూడు కిలోమీటర్ల దూరంలో మాణా అనే ఊరు వుంది. చలికాలం వస్తే ఆ ఊరివాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసుకుని కిందికి దిగిపోతారు. అంత మంచు పడుతుంది అక్కడ.

ఊరు ఖాళీ అయినా కొందరు అక్కడే వుండిపోతారు. వాళ్ళు రోడ్డు పని చేసే కూలీలు. 2025 ఫిబ్రవరి నెలాఖరులో మాణా దగ్గర 54 మంది వున్నారు. బీహారు, ఉత్తరప్రదేశ్, పంజాబు లాంటి చోట్ల నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. రాత్రిపూట ఇనుప గదుల్లో పడుకునేవాళ్ళు. పెద్ద లారీల మీద వెళ్ళే ఇనుప పెట్టెలు చూశారు కదా, అట్లాంటివి.

ఫిబ్రవరి 27 సాయంత్రం చండీగఢ్ నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. చమోలీ జిల్లాలో, ఇంకా కొన్ని జిల్లాల్లో, 2,400 మీటర్లకు పైన వున్న చోట్ల మంచుచరియలు విరిగి పడవచ్చు అని అందులో వుంది. మాణా చమోలీ జిల్లాలోనే వుంది. 3,000 మీటర్లకు పైన వుంది.

మర్నాడు తెల్లవారుజామున మంచుచరియ విరిగింది. ఆ ఇనుప గదుల మీద పడింది. సైనికులు మూడు రోజులు మంచు తవ్వారు. 46 మంది బతికారు. 8 మంది చనిపోయారు.

సాయంత్రం వచ్చిన కబురుకీ, తెల్లవారి పడిన మంచుకీ మధ్య ఒక్క రాత్రి వుంది. ఆ కబురులో ఏముంటుంది? దాన్ని ఎట్లా చదవాలి?

మనకు తుఫాను కబురు చెప్పే వాతావరణ శాఖే అక్కడ మంచు కబురు కూడా చెబుతుంది. మంచుచరియల సంగతి చూసేందుకు వేరే కేంద్రం వుంది. అది సైన్యం అవసరం కోసం 1969లో మనాలిలో మొదలైంది. 2020లో దాన్ని ఇంకో సంస్థతో కలిపి పేరు మార్చారు. ఇప్పుడది చండీగఢ్‌లో వుంది. కొండల మీద దాని మనుషులూ, యంత్రాలూ వుంటాయి. మంచులో ఒక కమ్మీ పాతి వుంటుంది. దాని మీద బడిపిల్లల స్కేలు మీద వున్నట్టే గీతలు వుంటాయి. మంచు ఏ గీత దాకా వచ్చిందో రోజూ చూసి రాస్తారు.

కబురు ఇట్లా వుంటుంది. ఇది ఈ పాఠం కోసం రాసింది. నిదానంగా చదవండి.

రేపటి కబురు
ఆకాశం: ఉదయం నుంచి మంచి ఎండ.
రెండు రోజుల్లో పడిన కొత్త మంచు: 45 సెంటీమీటర్లు.
చలి: 2,000 మీటర్ల దగ్గర 2 డిగ్రీలు. 4,000 మీటర్ల దగ్గర మైనస్ 10 డిగ్రీలు.
గాలి: కనుమ మీద గంటకు 40 కిలోమీటర్లు. పడమర నుంచి.
మంచుచరియల అపాయం: 3. తూర్పు వాలుల మీద ఎక్కువ.

మొదటి మాట చదవగానే ప్రాణం లేచి వస్తుంది. మంచి ఎండ! ఇంకేం, బయలుదేరవచ్చు అనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. మంచు కొండల్లో ఇవాళ్టి ఆకాశం ఒక్కటే చూస్తే చాలదు. నిన్నా మొన్నా ఏం పడిందో కూడా చూడాలి.

45 సెంటీమీటర్లు అంటే ఒక మూర. కొత్త మంచు దూదిలా వుంటుంది. కరిగిస్తే మూరెడు మంచు నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళు అవుతుంది, అంతే. అయినా బరువు తక్కువేం కాదు. ఒక మంచం పట్టే చోటు మీద మూరెడు మంచు పడితే 80, 90 కిలోలు వుంటుంది. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు దాదాపు రెండు. ఇక కొండ వాలు మొత్తం మీద ఎన్ని బస్తాలో లెక్క వేసుకోండి.

ఈ మంచు మన నైరుతి మేఘాలు తెచ్చేది కాదు. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి గాలులు వస్తాయి. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి వస్తాయి. హిమాలయాలకు తగిలి పైకి లేస్తాయి. అక్కడ చల్లబడి మంచుగా రాలతాయి.

ఇక చలి. నీళ్ళు గడ్డకట్టే చోటును 0 అంటారు. దిగుడుబావి మెట్లు తలచుకోండి. 0 నుంచి కిందికి పది మెట్లు దిగితే మైనస్ 10. కొండ ఎక్కేకొద్దీ చలి పెరుగుతుంది. 1,000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే కింద ఊళ్ళో 2 డిగ్రీలు వుంటే, పైన మైనస్ 10 అయింది. కింద ఊళ్ళో కప్పుకున్న శాలువా పైన చాలదు.

దానికి గాలి తోడైతే మరీ కష్టం. మైనస్ 10లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 దాటినట్టు వుంటుంది. వేళ్ళు, ముక్కు, చెవులు ముందు మొద్దుబారతాయి. తర్వాత చచ్చుబడతాయి.

గాలి ఇంకో పని కూడా చేస్తుంది. పడమటి గాలి పడమటి వాలు మీది మంచును ఊడ్చుకుపోయి, అవతల తూర్పు వాలు మీద పోస్తుంది. మనం తూర్పార పట్టేటప్పుడు పొట్టు పోయి ఒక పక్క పడుతుంది కదా, అట్లాగే. కాబట్టి కొత్త మంచు మూరెడే పడినా, తూర్పు వాలు మీద రెండు మూరలు వుండవచ్చు. "తూర్పు వాలుల మీద ఎక్కువ" అని రాసింది అందుకే.

మంచుచరియ ఎట్లా విరుగుతుంది? ఇంట్లోనే చూడవచ్చు. చేటలో పల్చగా జొన్నలు పరవండి. వాటి మీద మీరు రాసుకునే పలక పెట్టండి. చేటను మెల్లగా ఒక పక్కకు ఎత్తండి. కొంచెం ఎత్తితే ఏమీ కాదు. ఇంకొంచెం ఎత్తితే పలక ఒక్కసారిగా జారుతుంది. మంచు కూడా పొరలు పొరలుగా వుంటుంది. అడుగున పంచదార పలుకుల్లాంటి వదులు మంచు వుంటుంది. పైన గాలికి బిగిసిన గట్టి పొర వుంటుంది. ఆ పొర మీద ఒక మనిషి కాలు పెడితే చాలు, పలక విరిగినట్టు విరిగి జారుతుంది. పెంకుటింటి కప్పంత వాలు, ఇంకాస్త ఎక్కువ వాలు వున్న చోటే ఇది ఎక్కువగా జరుగుతుంది. మరీ నిటారుగా వుంటే మంచు నిలవదు. ఎప్పటికప్పుడు రాలిపోతుంది. నడిచేటప్పుడు కాళ్ళ కింద "గుమ్" అని చప్పుడు వచ్చినా, మంచులో బీటలు కనపడినా, ఆ వాలు దిగి వెనక్కి రావాల్సిందే.

చివర వున్న అంకె చూడండి. 3. ఇది బడిలో మార్కుల్లాంటిది కాదు. అపాయాన్ని 1 నుంచి 5 దాకా చెబుతారు. 5 అంటే అన్నిటికన్నా పెద్ద అపాయం. 3 అంటే నడిమధ్య వుంది, ఫర్వాలేదు అనుకుంటారు. 4, 5 వున్న రోజు జనం భయపడి ఇంట్లో వుంటారు. 3 వున్న రోజు ధైర్యం చేస్తారు. స్విట్జర్లాండ్ అనే మంచు దేశంలో లెక్క తీస్తే, మంచుచరియల కింద పోయినవాళ్ళలో సగం మంది దాకా 3 వున్న రోజునే పోయారు.

మంచు కింద పడిన మనిషికి గడువు చాలా తక్కువ. జారి ఆగగానే మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. చెయ్యి కదలదు. గాలి ఆడదు. పది, పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే చాలామంది దక్కరు. కింది ఊరి నుంచి సాయం వచ్చేదాకా ప్రాణం ఆగదు. పక్కనున్నవాళ్ళే తవ్వాలి. అందుకని తెలిసినవాళ్ళు పార, పొడుగాటి సన్న కమ్మీ, ఒంటికి కట్టుకునే చిన్న రేడియో యంత్రం తీసుకుపోతారు. మనిషి ఎక్కడ పూడిపోయాడో ఆ యంత్రం చెబుతుంది. మాణాలో అంతమంది బతకడానికి ఇనుప గదులు కూడా కారణం. గదిలో కాస్త గాలి మిగిలింది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 10 మంది సైనికులు మంచు కింద పడ్డారు. వాళ్ళలో ఒకరిది కర్నూలు జిల్లా. కర్ణాటకకు చెందిన హనుమంతప్ప ఒక్కడే ఆరో రోజున ప్రాణాలతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో ఆయనా పోయాడు.

మరి అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఏం చేస్తారు? మనాలికి పైన రోహతంగ్ కనుమ వుంది. 3,978 మీటర్ల ఎత్తు. దాని అవతల లాహౌల్ ఊళ్ళు. 2020 అక్టోబరు 3న కొండ కింద సొరంగం దారి తెరిచారు. అంతకు ముందు, మంచు పడి బస్సులు ఆగిపోతే, అవసరం వున్నవాళ్ళు కాలినడకన కనుమ దాటేవాళ్ళు. కనుమకు ఇటు మఢీలో, అటు కోక్సర్‌లో కాపలా మనుషులు వుండేవాళ్ళు. మబ్బు, గాలి చూసి పంపేవాళ్ళు. నడిచేవాళ్ళు చీకటితోనే లేచేవాళ్ళు. రాత్రి చలికి మంచు గట్టిపడి వుంటుంది. కాలు దిగబడదు. ఎండ ఎక్కితే అదే మంచు మెత్తబడి జారుతుంది. అపాయమైన వాలు వస్తే అందరూ ఒక్కసారి దాటకూడదు. ఒకరు దాటాక ఇంకొకరు. మిగతావాళ్ళు చూస్తూ వుండాలి.

ఇప్పుడు పైనున్న కబురు మళ్ళీ ఒకసారి చదవండి.

ఉదయం పది గంటలు అయింది. ఎండ బాగా కాస్తోంది. అవతలి ఊళ్ళో మీ చెల్లెలికి నెలలు నిండాయి. కనుమ దాటి తూర్పు వాలు మీదుగా దిగాలి. మీతో నలుగురు వున్నారు. ఇద్దరు పోదాం అంటున్నారు. ఇద్దరు రేపు చీకటితో పోదాం అంటున్నారు. కబురు కాగితం మీ చేతిలో వుంది. వాళ్ళకు అందులో ఏ మాట చదివి వినిపిస్తారు?