రాతి బుడగల్లో ఉద్యోగం

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం చూసేందుకు ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటంలో పరిశీలకులకు కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. భూమి లోపలి పొర మాంటిల్ నుంచి పైకొచ్చిన బసాల్ట్ రాళ్లలోనూ ఆ జడవాయువు చిక్కుకుని ఉంటుంది. దాన్ని కొలవడమే కొందరికి ఉద్యోగం.

యురేనియం, థోరియం క్షీణించే కొద్దీ హీలియం-4 పుడుతూనే ఉంటుంది. హీలియం-3 మాత్రం చాలావరకు భూమి పుట్టుకనాటిది. గాలిలో దాదాపు ఏడు లక్షల హీలియం-4 పరమాణువులకు ఒక్కటే హీలియం-3. సముద్రగర్భ పర్వతశ్రేణుల లావాలో హీలియం-4తో పోలిస్తే హీలియం-3 నిష్పత్తి గాలిలోకన్నా ఎనిమిది రెట్లు. కెనడాలోని బాఫిన్ దీవి రాళ్లలో 50 రెట్లు దాటింది. అంటే ఎక్కడో లోతున పాత సరుకు ఇంకా మిగిలే ఉందన్నమాట.

ఇక పని సంగతి. రాయిని పగలగొట్టి, మైక్రోస్కోపు కింద ఆకుపచ్చని ఒలివిన్ గింజలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరాలి. బియ్యంలో రాళ్లేరిన ఓపిక ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ గింజలను శూన్యంలో నలిపితే వాటిలోని చిన్న బుడగల్లో చిక్కిన వాయువు బయటపడుతుంది. కరిగిస్తే స్ఫటికంలో తర్వాత పుట్టిన హీలియం కూడా కలిసిపోతుంది, అందుకే ముందు నలపడం. ఆపై మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండు రకాల హీలియంనూ విడివిడిగా కొలవడం. పైపు జాయింటు ఒక్కటి వదులైనా గదిలోని గాలి దూరి, రోజుల శ్రమ చెత్తబుట్టలోకే. తొందరపాటు మనుషులకు ఈ పని వద్దనే చెబుతాను.

ఇంటర్ ఎంపీసీ, జియాలజీతో బీఎస్సీ, జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ అన్నది ఒక దారి. ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీల్లోనూ జియాలజీ ఉంది. ఎర్త్ సైన్సెస్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37 వేలు. ఫిజిక్స్ చదివినవారికీ చోటుంది, యంత్రం వాళ్ల మాటే ముందు వింటుంది.

ఒక మాట దాచను. మన దేశంలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్ఎల్) లాంటి జడవాయువుల ల్యాబులు కొద్దే. పీహెచ్‌డీకి చాలామంది ఫ్రాన్స్‌లోని నాన్సీ, అమెరికాలోని వుడ్స్‌హోల్ వంటి చోట్ల వైపు చూడాల్సిందే. కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు. ఐసోటోపుల కొలత చేతికొస్తే రాళ్ల వయసు నిర్ధారణలో, భూగర్భజలాల పరిశోధనలో పనికొస్తుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), అణు ఖనిజాల డైరెక్టరేట్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) తలుపూ తట్టొచ్చు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గైడ్‌ను ఎంచుకునే ముందు ఒక్కటే అడగండి: "సార్, యంత్రం మీద నన్నూ చెయ్యి వెయ్యనిస్తారా?"