తిరిగేది మనం: ఆకాశం నేర్పిన ఏడు పాఠాలు

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రీ పగలూ వస్తాయని బడి పిల్లలెవరైనా చెబుతారు. ఆ వాక్యాన్ని అప్పజెప్పడం వేరు, తలెత్తి ఆకాశంలో దాన్ని పట్టుకోవడం వేరు. శ్రీకాకుళం జిల్లాలో సైన్సు పాఠాలు చెప్పిన కాలంలోనూ, ఉద్యోగ విరమణ తర్వాతా మేడ మీద నుంచి ఆకాశం చూడటం మానలేదు. అలా చూడగా మనసులో నిలిచినవి, మన పిల్లలకు తప్పక అందాలని నేను కోరుకునేవి ఇవి.

1. కనిపించే కదలిక ఎవరిదో అడగాలి

సూర్యచంద్రులు, నక్షత్రాలు అన్నీ తూర్పున పొడిచి పడమట గుంకుతాయి. అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయంటే కదలిక మనదేమో అని అనుమానం రావాలి. ఆ అనుమానాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499లో ‘ఆర్యభటీయం’లో స్పష్టంగా చెప్పాడు: ముందుకు సాగే పడవలో ఉన్నవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, స్థిరంగా ఉన్న నక్షత్రాలూ మనకు అలాగే పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది. మన తెలుగు నేల గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో మనల్ని మోసుకుపోతోంది. శ్రీకాకుళం హైదరాబాదుకు తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ పొద్దు ఇరవై నిమిషాలు ముందే పొడుస్తుంది.

2. ఎదురు ప్రశ్నను గౌరవించాలి

భూమి తిరుగుతుంటే ఎగిరిన పక్షి మళ్లీ గూటికి ఎలా చేరుతుందని వరాహమిహిరుడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. గాలీ, పక్షీ, గూడూ అన్నీ భూమితోపాటే తిరుగుతున్నాయన్నది దానికి జవాబు. ఆ జవాబు నిలదొక్కుకోవడానికి శతాబ్దాలు పట్టింది. 1851లో ప్యారిస్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త పొడవాటి తీగకు బరువైన గుండు వేలాడదీసి ఊపాడు. గంటలు గడిచేకొద్దీ అది ఊగే దిశ నెమ్మదిగా మారుతూ పోయింది. కింద నేల తిరుగుతోందని జనం కళ్లారా చూశారు. పిల్లలు ఇలాంటి ప్రశ్న వేస్తే విసుక్కోకండి, వాళ్లు వరాహమిహిరుడి స్థాయిలో ఆలోచిస్తున్నారు.

3. సూర్యుడు రోజూ ఒకేచోట పొడవడు

మా అరసవల్లి గుడిలో సూర్యనారాయణస్వామి పాదాలను ఉదయకిరణాలు తాకే రోజులు ఏటా రెండుసార్లు వస్తాయి: మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో. ఈ రెండు విడతలే ఎందుకు? భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంది. అందువల్ల ఏడాది పొడవునా సూర్యోదయ స్థానం ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుంది. మా ఊళ్లో అది సరితూర్పు నుంచి అటు 25 డిగ్రీలు, ఇటు 25 డిగ్రీల దాకా పోతుంది. సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 20, 21 ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో. ఉత్తరానికి వస్తూ మార్చి 20కి పదిరోజులు ముందు ఏ చోట పొడుస్తాడో, దక్షిణానికి పోతూ సెప్టెంబరు 22 దాటిన పదిరోజులకు దాదాపు అక్కడే పొడుస్తాడు. గుడి కట్టినవాళ్లు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా గమనించారో తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

4. నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందే వస్తాయి

నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఆర్యభటుడి సంఖ్యల నుంచి కూడా ఇదే వస్తుంది. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది కాబట్టి, మళ్లీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. రోజుకు నాలుగు నిమిషాలు, నెలకు రెండు గంటలు. కార్తీకంలో చీకటిపడే వేళకు తూర్పున కనిపించే పిల్లలకోడి చుక్కల గుంపు, మే నెలకు సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మన రైతుల కార్తెలు ఈ లెక్క మీదే నడుస్తున్నాయి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న కాలం. ఆ రోజుల్లో ఆ చుక్క సూర్యుడితోనే ఉదయించి, సూర్యుడితోనే అస్తమిస్తుంది.

5. చంద్రుడికి సొంత నడక కూడా ఉంది

చంద్రుడు తూర్పున ఉదయించేది మన తిరుగుడు వల్లే. కానీ అతడు 27.3 రోజులకొకసారి మన చుట్టూ పడమటి నుంచి తూర్పుకు తిరిగొస్తాడు. రోజుకు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు కాబట్టి అతణ్ణి అందుకోవడానికి భూమి మరికొంత తిరగాలి. అందుకే చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమినాడు పొద్దుగూకే వేళకే వచ్చే చంద్రుడి కోసం సంకటహర చవితినాడు రాత్రి తొమ్మిది అటూఇటూ అయ్యేదాకా ఉపవాసంతో ఎదురుచూస్తాం. పంచాంగంలో రోజుకో నక్షత్రం రాయడమూ ఈ నడకను బట్టే. ఒక ప్రకాశమైన చుక్క పక్కన చంద్రుడు ఉన్న రాత్రి, గంట ఆగి మళ్లీ చూడండి. తన వెడల్పంత జరిగి ఉంటాడు.

6. అస్తమించని చుక్కలూ ఉన్నాయి

భూమి అక్షం చూపే దిక్కున ధ్రువనక్షత్రం ఉంది. అది దాదాపు కదలదు. దాని చుట్టూ దగ్గరగా ఉన్న చుక్కలు గుంకవు. మన ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ సుమారు అంతే: శ్రీకాకుళంలో 18 డిగ్రీలు, తిరుపతిలో 14కు కాస్త తక్కువ. దక్షిణార్ధగోళంలోని మెల్‌బోర్న్‌లో ఉంటున్న మనవాళ్లకు ధ్రువుడే కనిపించడు. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడు.

7. మొదటి కిరణంలో గాలి చేయి ఉంది

గాలిపొరలు వెలుగును వంచుతాయి. సూర్యబింబం అడుగంచు దిగంతాన్ని తాకుతూ కనిపించే క్షణానికి, నిజానికి బింబమంతా దిగంతం కిందే ఉంటుంది.

పెద్దవాళ్లకు నా మనవి ఒకటే. పిల్లలకు జవాబు ముందే చెప్పకండి. ఒకే చోట నిలబెట్టి, ఒకే వేళకు, ఒకే చుక్కను నెల రోజులు చూడనివ్వండి. ఎక్కడుందో గీసి, తేదీ రాయమనండి. గ్లోబు ఆ తర్వాత చేతికివ్వండి. భూమి తిరుగుతోందని అప్పుడు వాళ్లే మీకు చెబుతారు.