చెవితో చదువుట: తెర చదువరులును బ్రౌజరులును

కన్నులు గలవారము కంప్యూటరు నెదుట గూర్చుండి తెరమీది యక్షరములను చూచి చదువుదుము. చూపు లేనివారు వానినే చెవితో చదువుదురు. అందుకు తోడ్పడు ఉపకరణమునకు స్క్రీన్ రీడర్ అని పేరు. ఈ వ్యాసమున దానిని తెర చదువరి యందుము. ఇంటర్నెట్టునుండి పుటలను తెచ్చి మన యెదుట నిలుపు ఉపకరణము బ్రౌజరు. ఈ రెండింటికిని పొత్తు కుదిరినచో చూపులేని బాలుడు తన పరీక్షాఫలితమును తానే తెలిసికొనును. కుదరనిచో పరుల నోట వినవలసినవాడగును. ఏ చదువరి ఏ బ్రౌజరుతో నెట్లు పనిచేయునో, అందు పుటను వ్రాయువారి పాలెంతయో తెలుపుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

1. తెర చదువరి చదువున దేమి?

తెర చదువరి తెరను మనవలె చూచి చదువునని పలువురు తలతురు. సాధారణముగా నది యట్లు చేయదు. బ్రౌజరు పుటను తెచ్చినప్పుడు దానిలోని భాగములను ఒక వృక్షమువలె అమర్చుకొనును. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె, ఇది మీట, ఇది పట్టిక, ఇది బొమ్మ అని ప్రతి కొమ్మకును పేరుండును. బ్రౌజరు ఆ వృక్షమును కంప్యూటరు వ్యవస్థ యేర్పరచిన మార్గమున చదువరి కందించును. చదువరి దానినుండి మాటలను గ్రహించి, కంఠధ్వని నిచ్చు వేరొక ఉపకరణముచేత పలికించును.

ఒక యుపమానము చెప్పుదుము. చదువురాని యవ్వకు దూరపు కుమారు డుత్తరము వ్రాసెను. తపాలా బంట్రోతు దానిని తెచ్చెను. పొరుగింటి బాలుడు చదివి వినిపించెను. అవ్వకు సంగతి తెలియకున్న యెడల తప్పు మూడు చోట్ల నుండవచ్చును. కుమారుడు సరిగా వ్రాయకపోవచ్చును, బంట్రోతు ఉత్తరమును చించి తేవచ్చును, బాలుడు తడబడవచ్చును. ఇందు కుమారుడు పుటను వ్రాయువాడు, బంట్రోతు బ్రౌజరు, బాలుడు తెర చదువరి. ఈ ముగ్గురిని విడివిడిగా పరిశీలింతము.

2. ముఖ్యమైన చదువరులు

జాస్ అను చదువరి మిక్కిలి పాతది. మోటారుసైకిలు పందెముల వీరుడైన టెడ్ హెంటర్ అను అమెరికా దేశస్థుడు 1978లో కారు ప్రమాదమున చూపు గోల్పోయి, పిమ్మట కంప్యూటరు విద్య నభ్యసించి, 1989లో దీనిని వెలువరించెను. ఇది వెలకు దొరకునది. ఆ వెల సామాన్య కుటుంబములకు భారమైనది.

ఎన్.వి.డి.ఏ. అనునది ఉచితము. ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కరన్ అను చూపులేని యువకుడు 2006లో దీనిని ప్రారంభించెను; చూపులేని మఱియొక యువకుడు జేమ్స్ టే అతనితో గలిసెను. వెల పెట్టి కొనలేని వారికిని ఈ విద్య యందవలెనన్నదే వారి యుద్దేశము. మన పల్లెల పాఠశాలలకు ఇదియే తగినది.

ఆపిల్ కంపెనీవారు 2005లో మాకింతోషునందును, 2009లో ఐఫోనునందును వాయిస్ ఓవర్ అను చదువరిని చేర్చిరి. ఆండ్రాయిడు ఫోనులలో టాక్‌బ్యాక్ అనునది కలదు. విండోసులో నేరేటర్ అనునది పుట్టుకతోనే యుండును. కావున నేడు ఫోను గల ప్రతి యింటను తెర చదువరి యొకటి నిద్రించుచున్నదని చెప్పవచ్చును; దానిని మేలుకొలుపువారు కావలెను.

3. జోళ్ల పొత్తు

ఎద్దుల జతవలె చదువరికిని బ్రౌజరునకును జోడు కుదురవలెను. పూర్వము జాస్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుతోడను, ఎన్.వి.డి.ఏ. ఫైర్‌ఫాక్సుతోడను చక్కగా నడిచెడివి. వాయిస్ ఓవరునకు సఫారియు, టాక్‌బ్యాకునకు క్రోమును తగిన జోళ్లు. ఏలయన ఆ రెండు జతలును ఒక్కొక్క యింటనే పెరిగినవి.

ఈ జోళ్లు శాశ్వతములు కావు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు వెలువడినప్పుడు దాని లోపలి నిర్మాణము మాఱెను. చూచువారికది వేగవంతమైనది, వినువారికి మాత్రము మందగించెను. అనేకులు పాత కూర్పునే పట్టుకొనియుండిరి, కొందఱు వేఱు బ్రౌజరునకు మఱలిరి. చదువరికి సమాచార మందించు భాగమును పూర్తిగా తిరిగి నిర్మించి 2023 మే నెలలో 113వ కూర్పున వెలువరించిన పిమ్మట ఆ మాంద్యము చాలవఱకు తొలగెను. ఎన్.వి.డి.ఏ. నిర్మాతలలో నొకడైన జేమ్స్ టేయే ఫైర్‌ఫాక్సు వారి పక్షమున నీ పనిలో ముఖ్యుడైయుండెను. వినువాని కష్టము వినువానికే తెలియునుగదా.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్ 15న విరమింపబడెను. దాని స్థానమున వచ్చిన ఎడ్జ్ 2020నుండి క్రోమునకు మూలమైన క్రోమియముపైననే నిర్మింపబడుచున్నది. కావున చదువరులకు ఈ రెండింటిలోను ఇంచుమించు ఒకే తీరున వినబడును. వెబ్‌ఎయిమ్ అను అమెరికా సంస్థ చదువరులను వాడువారి యభిప్రాయముల నప్పుడప్పుడు సేకరించుచుండును. 2017లో వారిలో తక్కిన ఏ బ్రౌజరుకంటెను ఎక్కువమంది ఫైర్‌ఫాక్సును వాడుచుండగా, 2024లో ప్రకటించిన లెక్కలో సగమునకు మించినవారు క్రోమును వాడుచుండిరి.

ఇంతకును కొత్తవారికి మేము చెప్పునది యిది. విండోసు కంప్యూటరుపై ఎన్.వి.డి.ఏ.ను క్రోముతో గాని ఫైర్‌ఫాక్సుతో గాని ఎడ్జ్‌తో గాని నడుపవచ్చును. నేరేటరునకు ఎడ్జ్ మేలు. ఆపిల్ యంత్రములపై సఫారిని, ఆండ్రాయిడుపై క్రోమును వాడుట మంచిది. ఒక పుట యొక బ్రౌజరులో మూగవోయినచో, నిరాశ చెందక రెండవ దానిలో తెఱచి చూడవలెను. అందుకై ప్రతి విద్యార్థియు రెండు బ్రౌజరులను సిద్ధముగా నుంచుకొనుట వివేకము.

4. తెలుగునకు గల చిక్కులు

మొదటి చిక్కు కంఠమునకు సంబంధించినది. తెలుగు పలుకగల ధ్వని ఉపకరణము లేనిచో చదువరి తెలుగు పుటపై మౌనము వహించును, లేదా అర్థములేని ధ్వనులు చేయును. ఎన్.వి.డి.ఏ.తో వచ్చు ఈస్పీక్ అనునది తెలుగు పలుకును. దాని యుచ్చారణ యంత్రమువలె కటువుగా నుండును. అలవాటుపడినవారు వేగముగా వినగలరు. ఆండ్రాయిడు ఫోనులలో గూగులువారి తెలుగు కంఠము కలదు. అయితే పుటను వ్రాయువారు “ఇది తెలుగు” అని పుట మూలమున ఒక చిన్న గుర్తు పెట్టవలెను. ఆ గుర్తున్నచో చదువరి తెలుగు కంఠమునకు తానే మాఱగలదు.

రెండవ చిక్కు అక్షరములకు సంబంధించినది. యూనికోడు పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతటను ఒకే సంఖ్య కలదు. ఆ పద్ధతి వ్యాపింపకమునుపు పత్రికలవారు తమ తమ ప్రత్యేకమైన ఫాంట్లను వాడిరి. అందు లోపల నున్నవి ఆంగ్లాక్షరముల సంఖ్యలు. పైకి మాత్రము తెలుగు రూపము. కంటికి “అమ్మ” అని కనబడును, చదువరికి మాత్రము ఏవో పొంతనలేని గుర్తులు చేరును. తెలుగు వికీపీడియా 2003లో ప్రారంభమగుటకు కారకుడైన వెన్న నాగార్జున, పద్మ అను ఉపకరణమును ఫైర్‌ఫాక్సునకు చేర్చుటకై నిర్మించి, అట్టి పుటలను యూనికోడులోనికి మార్చు సదుపాయము కల్పించెను. ఏ బ్రౌజరు వాడుచున్నామను దానిపై తెలుగు చదువగలుగుట ఆధారపడిన కాలమది.

ఆ చిక్కు పూర్తిగా తొలగిపోలేదు. మన ప్రాంతపు ముద్రణాలయములలో డి.టి.పి. చేయువారు అను ఫాంట్ల వంటివానితో అక్షరములు కూర్చుట నేటికిని కలదు. అట్లు కూర్చిన సంచికను పి.డి.ఎఫ్.గా ఇంటర్నెట్టున బెట్టినచో ఏ బ్రౌజరును, ఏ చదువరియు దానిని తెలుగుగా చదువజాలవు. ముద్రణమునకు ఏ ఫాంటు వాడినను, యూనికోడులో నొక ప్రతిని వేఱుగా నుంచుట పాఠశాలల విధి.

5. పుట వ్రాయువారి ధర్మము

బంట్రోతును బాలుడును ఎంత నేర్పరులైనను ఉత్తరములో లేని మాటను చదువలేరు. కొన్ని నిదర్శనములను చూడుడు.

గుడివాడనుండి మచిలీపట్టణమునకు పోవు రైళ్ల పట్టికను తీసికొందము. గుడివాడ, కవుతరము, పెడన, మచిలీపట్టణము అని స్టేషనుల పేర్లును, వాని యెదుట వేళలును ఉన్నవి. పట్టికకు తలవరుసలను సరిగా గుర్తించినచో చదువరి “పెడన, వచ్చు వేళ” అని చెప్పి సంఖ్యను పలుకును. గుర్తింపనిచో వట్టి సంఖ్యలే వరుసగా వినబడును. ఏది రాకయో ఏది పోకయో తెలియదు.

దరఖాస్తు పుటలలో ప్రతి గడికిని పేరు జోడింపవలెను. లేనిచో చదువరి “వ్రాయు గడి, ఖాళీ” అని మాత్రమే చెప్పును. అది తండ్రి పేరు వ్రాయవలసిన చోటో, పుట్టిన తేదీ వ్రాయవలసిన చోటో ఎవరికి తెలియును? శీర్షికలను కేవలము లావు అక్షరములతో చూపక శీర్షికలుగానే గుర్తించినచో, వినువాడు హెచ్ అను మీట నొక్కి ఒక శీర్షికనుండి మఱియొక దానికి దుమికి, పదినిమిషముల పనిని ఒక నిమిషమున ముగించును.

బొమ్మల విషయము మఱింత ముఖ్యము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మఱువలేదు. ప్రభుత్వపు లెక్కప్రకారమే ఇంచుమించు పదివేలమంది మరణించిరి. నేడు తుపాను హెచ్చరికలు ఫోనులకు ముందుగానే వచ్చుచున్నవి. కాని ఎవరైన నొక హెచ్చరికను కాగితముపై వ్రాసి, ఫోటో తీసి పంపినచో, నాగాయలంకలోనో కోడూరులోనో ఇంట నొంటరిగా నున్న చూపులేని మనుష్యునకు అతని చదువరి “బొమ్మ” అని మాత్రమే చెప్పవచ్చును. ఆ బొమ్మలో ఊరు విడిచి పొమ్మని యున్నను అతడెఱుగడు. కొన్ని చదువరులు నేడు బొమ్మలోని యక్షరములను ఊహించి చదువ యత్నించుచున్నవి. అయినను ప్రాణాపాయ సమయమున ఊహపై నాధారపడరాదు. బొమ్మ క్రింద అదే సంగతిని అక్షరములుగా టైపు చేయుటకు రెండు నిమిషములు చాలును.

6. ఇందువలన ఫలమేమి?

మచిలీపట్టణమునకు చెందిన సీతారామపురమున 1991లో చూపులేకుండ జన్మించిన బొల్లా శ్రీకాంత్ కథ నేడు దేశమంతటను తెలిసినది. పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువుటకు నియమము లడ్డురాగా న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొందెను. పాఠ్యపుస్తకములను ధ్వనిరూపమున విని చదివి, నూటికి 98 మార్కులు సంపాదించెను. పిమ్మట అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరి, విదేశములనుండి అందు చేరిన చూపులేని విద్యార్థులలో ప్రథముడయ్యెను. పుస్తకము చెవికందినచో తెలివికి అడ్డులేదని ఆతని జీవితము చూపుచున్నది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారము అందఱికి అందునట్లుండవలెనని విధించినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీము కోర్టువారు ఇట్టి సాంకేతిక సేవలు అందుబాటులో నుండుట జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పిరి. ఇది దయాధర్మముగా చేయునది కాదు, తీర్చవలసిన ఋణము.

పెద్ద తరగతుల విద్యార్థులు ఈ సెలవులలో ఒక పరీక్ష చేయవలెనని కోరుచున్నాము. ఎన్.వి.డి.ఏ.ను కంప్యూటరున జేర్చి, తెరను కప్పి, ఒకే తెలుగు పుటను రెండు బ్రౌజరులలో తెఱచి వినుడు. శీర్షికలకు హెచ్, పట్టికలకు టి, గడులకు ఎఫ్, బొమ్మలకు జి అను మీటలను నొక్కుడు. ఎక్కడ మౌనము కలిగెనో కాగితముపై వ్రాసికొనుడు. రెండు బ్రౌజరులలోను ఒకే చోట మౌనము కలిగినచో తప్పు బహుశః పుటదియే. ఒకదానిలోనే కలిగినచో జోడును మార్చి చూడుడు.

అభ్యాస ప్రశ్నలు

1. ఉత్తరపు టుపమానమున బంట్రోతు ఎవరు, బాలుడెవరు, కుమారుడెవరు?
2. 2017లో ఫైర్‌ఫాక్సు వేగవంతమైనను వినువారికి కష్టమేల కలిగెను? అది యెప్పుడు తీరెను?
3. కంటికి తెలుగుగా కనబడు పుట చెవికి తెలుగుగా వినబడకుండుటకు రెండు కారణములు చెప్పుడు.
4. మీ యూరి రైళ్ల పట్టికకు గాని బస్సుల పట్టికకు గాని తలవరుసలను వ్రాయుడు.
5. తుపాను హెచ్చరికను ఫోటోగా మాత్రమే ఏల పంపరాదు? అదే హెచ్చరికను చెవికందునట్లు మూడు వాక్యములలో వ్రాయుడు.