బొమ్మలు చెప్పిన జ్ఞాపకం

మీరు బొమ్మల కథలు చాలా చదివి ఉంటారు. వాటిలో రాజులు, రాక్షసులు, మాట్లాడే జంతువులు ఉంటాయి. అవి కల్పిత కథలు. కాని ఒక మనిషి తన జీవితంలో నిజంగా జరిగిన సంగతులను బొమ్మలుగా గీసి చెప్పే పుస్తకాలు కూడా ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులో ‘గ్రాఫిక్ మెమ్వార్’ అంటారు. మనం ‘బొమ్మల జ్ఞాపక కథ’ అందాం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ జీవిత విశేషాలను ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అనే పేరుతో మాటల్లో రాశారు. అదే పనిని కొందరు మాటలతోను, బొమ్మలతోను కలిపి చేస్తారు.

అటువంటి పుస్తకాన్ని మొదటిసారి చదివిన ఒక అమ్మాయి సంగతి వినండి. ఈ అమ్మాయి కల్పిత పాత్రే గాని, ఆమె చదివిన పుస్తకం నిజమైనది.

ఆ అమ్మాయి సింగపూరులోని యీషున్‌లో ఉంటుంది. ఒకనాడు తెలుగు తరగతిలో గురువుగారు ఆమె చేతికి ఒక పలుచని పుస్తకం ఇచ్చారు. నిండా బొమ్మలే! ఆమె సంతోషించింది. తమ బ్లాకు కింద బల్లమీద కూర్చుని పావుగంటలో ముగించింది.

మరునాడు గురువుగారు, “చదివావా? ఆ పిల్లవాడు ఎట్లా బతికాడు?” అని అడిగారు.

ఆమె తెల్లబోయింది. బాంబు పడిన సంగతి గుర్తున్నది. పిల్లవాడు బతికిన సంగతీ గుర్తున్నది. ఎట్లా బతికాడో మాత్రం గుర్తు లేదు.

“నీవు అక్షరాలను చదివావు, బొమ్మలను దాటిపోయావు. మళ్లీ చదువు” అన్నారు గురువుగారు.

ఇంతకూ ఆ పుస్తకం ఏది? దానిని గీసినవారు జపానుకు చెందిన కేజి నాకజవా. ఆయన 1939లో హిరోషిమా నగరంలో పుట్టారు. 1945 ఆగస్టు 6న ఆ నగరంపై అణుబాంబు పడింది. అప్పుడాయనకు ఆరేళ్లు. బడి గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆ గోడే ఆయనను కాపాడింది. తండ్రి, అక్క, తమ్ముడు మరణించారు. తల్లి బతికింది. చాలా ఏళ్లు ఆయన ఈ సంగతిని బొమ్మల్లో పెట్టలేదు. తల్లి 1966లో చనిపోయిన తరువాతనే బాంబును గురించి గీయడానికి పూనుకున్నారు. 1972లో తన కథను తన పేరుతోనే గీశారు. ఆ పుస్తకం పేరుకు అర్థం ‘నేను చూశాను’ అని. మరుసటి ఏడాది ‘బేర్‌ఫుట్ గెన్’ అనే పెద్ద కథ మొదలుపెట్టారు. అందులో తన అనుభవాలనే గెన్ అనే పిల్లవాడి కథగా మార్చి చెప్పారు.

ఆ అమ్మాయి రెండవసారి నెమ్మదిగా చదివింది. ఈసారి గోడ కనిపించింది. ప్రతి గడిలోను ఎవరున్నారు, ఎవరు లేరు అని చూసింది. ఒక గడికి, తరువాతి గడికి మధ్య సన్నని ఖాళీ ఉంటుంది గదా! అక్కడ కొంత కాలం గడిచిపోతుంది. అది క్షణం కావచ్చు, సంవత్సరం కావచ్చు. ఆ మధ్యలో ఏమి జరిగిందో చదివేవారే ఊహించుకోవాలి. అందుకే ఇటువంటి పుస్తకాన్ని తొందరగా చదివితే సగమే చదివినట్లు.

ఇది మనవారికి తెలియని విద్య కాదు. అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రని శిల్పం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. అందులో నలగిరి అనే ఏనుగు ఒకవైపు మదించి మనుషులను తొక్కుతూ ఉంటుంది. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే శిల్పంలో ఒకే ఏనుగు రెండుసార్లు! మధ్యలో గీత కూడా లేదు. అయినా ముందేది, తరువాతేది అని చూసేవారు పోల్చుకోగలరు. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డమీద వరుసగా బొమ్మలు గీస్తారు. కథకులు ఆ పటాన్ని చూపుతూ కథ చెబుతారు.

ఇక మన కథలోకి వద్దాం. ఆ రోజుల్లో అమ్మాయి అమ్మమ్మ కృష్ణా జిల్లా నాగాయలంక నుంచి వచ్చి ఉన్నది. “ఏంటే, పొద్దస్తమానం బొమ్మల పుస్తకమేనా? చదువుకోవూ?” అని ఆమె పుస్తకం అందుకున్నది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ఊరికే పుటలు తిప్పసాగింది. కూలిన ఇళ్ల బొమ్మ దగ్గర ఆగిపోయింది.

“మా ఇల్లూ ఇట్లాగే పడిపోయింది” అన్నది మెల్లగా.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. అప్పుడు అమ్మమ్మకు తొమ్మిదేళ్లు. మనుమరాలికి ఇంతవరకు ఆ సంగతే తెలియదు. “ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా?” అని అడిగింది.

“నువ్వు అడగలేదుగా!” అన్నది అమ్మమ్మ.

మూడు సాయంత్రాలు అమ్మమ్మ చెప్పింది. మనుమరాలు ఆరు గడులు గీసింది. అమ్మమ్మ మాటలను మాటల బుడగల్లో తెలుగులోనే రాసింది. “మా అమ్మ నా చెయ్యి వదల్లేదు” అన్న మాటను వేరే భాషలో రాయడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. తెలియని మాట వచ్చినప్పుడల్లా అమ్మమ్మను అడిగింది.

అయిదవ గడి మాత్రం ఖాళీగా ఉన్నది. అది అమ్మమ్మ తమ్ముడి గురించినది. అక్కడికి వచ్చేసరికి అమ్మమ్మ మాట్లాడలేదు. మనుమరాలు బలవంతం చేయలేదు, కల్పించి గీయనూ లేదు.

గురువుగారు ఆ కాగితం చూసి, “ఈ గడి కూడా నిజమే చెబుతున్నది. ఇట్లాగే ఉంచు” అన్నారు.

విద్యార్థులారా! మీరున్న యీషున్ పేరులో కూడా ఒక జ్ఞాపకం ఉన్నది. ఇక్కడ అనాస, రబ్బరు తోటలు పెంచిన లిమ్ నీ సూన్ పేరే చైనా మాండరిన్ పలుకుబడిలో యీషున్ అయింది. ఊరి పేరులోనే ఇంత ఉంటే, మీ ఇంటి పెద్దల మనసుల్లో ఎంత ఉంటుందో ఆలోచించండి. వారంతట వారు చెప్పకపోవచ్చు. మీరు అడగాలి. వారి భాషలో అడగాలి.

పదాలు – అర్థాలు
ఉప్పెన: తుపానువల్ల సముద్రపు నీరు ఊళ్లమీదికి పొంగి రావడం
మదించి: మదమెక్కి, అదుపు తప్పి
మోకరిల్లు: మోకాళ్లమీద వంగు
పటం: బొమ్మలు గీసిన గుడ్డ

ప్రశ్నలు
1. అమ్మాయి మొదటిసారి చదివినప్పుడు చేసిన పొరపాటు ఏమిటి?
2. ఇంగ్లీషు రాని అమ్మమ్మ ఆ పుస్తకాన్ని ఎట్లా చదవగలిగింది?
3. అయిదవ గడిని ఖాళీగా ఉంచడం సరియైనదేనా? మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఇంటిలో ఒక పెద్దవారిని వారి చిన్ననాటి సంగతి ఒకటి అడగండి. నాలుగు గడుల్లో బొమ్మలు గీసి, వారి మాటలను వారు చెప్పినట్లే రాయండి.